మూడో వరస చూరు మూటలు

మంచుకు నలభై రోజులు

వలస వచ్చిన రెండో ఏడు, మూడో వరస ఇళ్లకు మొదటి వాసం ఎత్తిన రోజున, ఆ వాసం మీద చెయ్యి వేసి ఒక మనిషి నాకు మాట ఇచ్చాడు. చూరు కింద నేను వదిలిన గాలి సందులను తను బతికుండగా ఎవరూ ముయ్యరన్నాడు. ఆ చలికాలం రాకముందే అవి మూసుకుపోయాయి. మూసేవాళ్లను ఆపవలసిన మనిషి ఆయనే. ఆపలేదు. ఆయన పేరు నా చేత్తో రాయనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ముప్పైతొమ్మిదేళ్లలో పదకొండు చిట్టా పుస్తకాలు నింపాను. ఒక్కదానిలోనూ ఆ పేరు లేదు. తర్వాత ఆయన ఈ మిట్టకు ఇరవై ఏళ్లు అధ్యక్షుడిగా చేశాడు గనక అధ్యక్షులవారు అని రాస్తాను. ఆ గౌరవం పదవికి. మనిషికి కాదు.

ఆరేళ్లుగా మూసిపెట్టిన ఈ పుస్తకం ఇవాళ తెరిచాను. పొద్దున తొమ్మిదింటికి పందొమ్మిదో ఇంట్లో కప్పు నుంచి నీళ్లు కారాయి. మంగతాయారు వండుకుంటున్న అన్నంలోనే పడ్డాయట. వాన లేదు. పదిహేను రోజులుగా ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ కబురు విన్నాక బార్లీ కాఫీ ఇంకో గ్లాసు కలుపుకున్నాను. కాఫీ ఇంత రుచిగా ఉండి చాలా ఏళ్లయింది.

ఈ మిట్ట మీద నన్ను లక్కోజు భద్రాచారి అని పిలిచేవాళ్లు తక్కువ. నా వెనక నేను "కప్పు కూలుద్ది చారి"ని. రెండో ఏడు సభలో నిలబడి, చూరు మూస్తే కప్పు కుళ్లుతుంది, కూలుతుంది అని అరిచాను. కూలలేదు. మూడో ఏడు కూలలేదు, పదో ఏడు కూలలేదు. నలభై అర్జీలు పెట్టాను. కప్పుల పర్యవేక్షణ నుంచి నన్ను తీసేశారు. అటకలోకి అడుగు పెట్టొద్దని తాఖీదు ఇచ్చారు. చదివిన పుస్తకాలు ఎక్కువైపోయి ఈయనకు ఇలా అయిందని ఆనాటి కార్యదర్శి నిండు సభలో అన్నాడు. అతను పోయాడు. అతని కొడుకు ఇంటి కప్పు కూడా కారుతోందని విన్నాను.

మంచుకు ముప్పైఎనిమిది రోజులు

హేమలత వచ్చింది. మట్టపర్తివారి అమ్మాయి, నలభై ఏళ్లుంటాయి, ఇప్పుడు మా వరసకు బాధ్యురాలు. గుమ్మంలోనే నిలబడి, పని మీద వచ్చినట్టు కాక పెద్దాయన ఆరోగ్యం కనుక్కుందామని వచ్చినట్టు మాట్లాడింది. మోకాళ్ల నొప్పుల నుంచి కాఫీ వరకు అన్నీ అడిగింది. చివరికి తనకే విసుగొచ్చినట్టుంది.

"బాబాయిగారూ, మొత్తం ఏడు ఇళ్లండి. యంత్రం మాత్రం అటక పొడిగానే ఉందంటుంది."

యంత్రం సంగతి నాకు తెలుసు. అటక మొత్తానికి తేమ చూసే కన్ను ఒక్కటే పెట్టారు, అదీ కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు సందుకు ఆనించి, గాలి ఆడే ఒకే ఒక్క చోట. కిటికీలో కూర్చున్నవాణ్ణి అడిగి గదంతా చల్లగా ఉందని రాసుకున్నట్టు. సంఘం వాళ్లు దాని మాట నమ్మి, నీళ్లు బయటినుంచే దిగుతున్నాయని తేల్చారు. కప్పు మీద తారు పూసి, నడికొప్పు సందును కూడా బిగించేయాలని నిన్న తీర్మానం రాశారట.

మూసిన చూరు చాలక కొప్పు కూడా మూస్తే ఏమవుతుందో ఆమెకు చెప్పాను. ఆమె వింది. మధ్యలో అడ్డు రాలేదు. ఈ మిట్ట మీద నా మాట చివరిదాకా విన్న రెండో మనిషి ఆమె. మొదటి మనిషి నా భార్య మాణిక్యాంబ, తొమ్మిదో ఏడు పోయింది.

"మీరే ఓసారి ఎక్కి చూడండి. తాఖీదు సంగతి నేను చూసుకుంటాను" అంది హేమలత.

మంచుకు ముప్పైఏడు రోజులు

అటకెక్కాను. డెబ్బైఎనిమిదేళ్ల మోకాళ్లు. పదిహేడో ఇంటి దగ్గర ఉన్న తలుపులోంచి హేమలత కింద నుంచి తోస్తే, పైనున్న దూలం పట్టుకుని నేను లాక్కున్నాను. ముప్పైతొమ్మిదేళ్ల తర్వాత నా వాసాలను చేత్తో తడిమి చూశాను.

ముప్పైమూడు ఇళ్లకు ఒకే కప్పు, ఒకే అటక. పొడుగ్గా, నడుం వంచితే గాని కదల్లేని సొరంగంలా ఉంటుంది. కింద ఇళ్ల వెచ్చదనం పైకి పోకుండా రెండు జానల మందాన ఎండు నాచు పరిచి ఉంటుంది. దాన్ని నాచుపరుపు అంటాం. పరుపు మీద నుంచి గాలి ఆడాలి: చూరు సందుల్లో చొరబడి, కప్పు చెక్కల కింద పాకి, నడికొప్పు దగ్గర బయటికి పోవాలి. నేను కట్టింది అంతే. అందులో పెద్ద విద్యేం లేదు.

అటకలో గాలి లేదు. చెక్కల అడుగున రాత్రి పట్టిన మంచు పొడి తెల్లగా మెరుస్తోంది. ఎండ ఎక్కేకొద్దీ అది కరిగి, నా మెడ మీద బొట్లు బొట్లుగా పడింది. నాచులో చెయ్యి పెడితే మణికట్టు దాకా తడి. పిండితే నీళ్లు. తడిసిన నాచు చలిని ఆపదు, బరువు మాత్రం పెరుగుతుంది. వాసాల కాళ్లు చూరును కలిసే చోట బాడిశ మొన గుచ్చితే వేలి లోతు దిగింది.

ఇది బయటి నీరు కాదు. మనుషుల ఊపిరి. అన్నం ఆవిరి. స్నానాల ఆవిరి. ఇన్నేళ్లూ ఎందుకు కూలలేదో అక్కడే, ఆ తడిలో కూర్చుని అర్థం చేసుకున్నాను. మొన్నటిదాకా ఈ ఇళ్లు చల్లగా ఉండేవి. కుంపటి దగ్గర మూలకు ఒదిగి బతికేవాళ్లం, వారానికోసారి గోరువెచ్చని నీళ్లు. మూడేళ్ల కిందట భూమి అడుగు నుంచి వేడినీటి గొట్టాలు వచ్చాయి. ఇంటింటికీ వేడి, రోజూ స్నానం, రెండు పూటలా వేడన్నం. ఆ గొట్టాల కోసం, ఇంటికీ అటకకూ మధ్య నేను వేసిన కప్పుగచ్చుకు తూట్లు పొడిచారు. తూట్లలోంచి ఆవిరంతా అటకకెక్కింది. పోయే దారి లేదు. నేను తప్పు చెప్పలేదు. ముప్పైఆరేళ్లు ముందుగా చెప్పాను.

అక్కడక్కడా తాళ్లకు బుట్టలు వేలాడుతున్నాయి. గొట్టాలు వచ్చాక అటకలో వడియాలు ఎండబెట్టడం మొదలుపెట్టారట. మంగతాయారు బుట్టలో వడియాలకు బూజు గడ్డం మొలిచింది.

నా మోకాళ్లు పందొమ్మిదో ఇంటి దాకానే మోశాయి. మిగతా అటకంతా హేమలత పాకి చూసి వచ్చింది. వాసాలు ఏడు మార్చాలంది.

"చూరు సందుల్లో మూటలు?" అన్నాను.

"ముప్పైమూడు ఇళ్లకీ ఉన్నాయండి."

"ముప్పైరెండు. మా ఇంటికి లేవు."

ఆమె తలమీది బూజు దులుపుకుంది. నేను దిగడానికి చెయ్యి అందించింది.

మంచుకు ముప్పైఒక్క రోజులు

మూటల గురించి రాయాలి. రాయడానికే చిరాకు.

కోనసీమను సముద్రం తీసుకున్నప్పుడు మావాళ్లు చేతికందింది పట్టుకుని నడిచారు. ఎక్కువమంది పట్టుకున్నది మన్ను. ఇంటి ముందరి మన్ను, చేలో మన్ను, కాలవ గట్టు మన్ను. ఇక్కడికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేల రాయి, ఏడాదిలో ఆరు నెలలు మంచు. అక్కడ తాటాకిళ్లలో అందరికీ ఒక అలవాటు ఉండేది. కొడవలి, ఉత్తరం, పందుంపుల్ల, దేన్నైనా చూరులో దోపడం. ఇక్కడా అదే చేశారు. పాత బట్టలో మన్ను కట్టి నా గాలి సందుల్లో దోపారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ మన్నులోంచి చిటికెడు తీసి, పోయినవాళ్ల పంచె చెంగులోనో చీర చెంగులోనో కట్టి ఇంకో మూట. బిడ్డ పుడితే ఇంకోటి. సందులు నిండాయి. ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉంటారు. ఎవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే వాళ్లకు వేరే పుస్తకం పెట్టేవాణ్ణి.

ఈ పొద్దున ధాన్యం సాలలో సభ జరిగింది. హేమలత ఉన్న సంగతి చెప్పింది: మూటలు తీయాలి, సందులు తెరవాలి, నాచు ఆరాలి, ఏడు వాసాలకు జోడు వాసాలు కట్టాలి. అంతా మంచు పడేలోపు. నాలుగడుగుల మంచు మీద పడితే ఆ వాసాలు ఆగవు. కింద నూటనలభై మంది.

మంగతాయారు లేచింది. అరవై ఏళ్ల మనిషి, నోటికి మేకులు కొట్టే సుత్తంత బలం.

"మా ఆయన మూట మీద చెయ్యేసినోడి చేతులిరిచేత్తాను. ఆయనకి బతికున్నప్పుడు కూడా ఇంత వెచ్చటి చోటు దొరకలేదు."

జనం నవ్వారు గాని, ఆమె నవ్వలేదు. తర్వాత లేచినవాళ్లంతా అదే మాట వాళ్ల వాళ్ల పద్ధతిలో చెప్పారు. ఎవరో నన్ను చూపించి, ఈయన మూట మన్ను కూడా తెచ్చుకోలేదు, ఈయనకేం తెలుస్తుందన్నారు. ఆ మాట నిజమే. తెచ్చుకోలేదు. దారిలో మనిషికి ఇంత బరువని నియమం పెట్టారు. నేను ఉలులూ బాడిశా మోశాను. నేను మోసినవాటితోనే వీళ్లకు ఇళ్లు లేచాయి.

అధ్యక్షులవారు ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. ఎనభైనాలుగేళ్లు. ఆయన ఒక్క మాటంటే సభ లొంగేది. అనలేదు. నా వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నారు. సిగ్గు ఇన్నాళ్లకు వచ్చిందనుకున్నాను.

మంచుకు పదిహేడు రోజులు

నిన్నటి లెక్కకు ఇంకా ఇరవైఏడు రోజులుండాలి. వాతావరణ గది వాళ్లు పొద్దున గంట కొట్టి లెక్క మార్చారు. మంచు ముందుకొచ్చింది.

మధ్యాహ్నానికి సంఘం కాగితం తెచ్చి వరస గోడకు అంటించింది. మూడు రోజుల్లో సందులు తెరవకపోతే మూడో వరస నివాసానికి పనికిరానిదిగా ప్రకటించి, ముప్పైమూడు కుటుంబాలనూ చలికాలానికి పాత సొరంగాల్లోకి పంపుతారు. సొరంగాలంటే ఏమిటో మొదటి ఏడు అక్కడున్నవాళ్లకు తెలుసు. ఆ ఏడు అందులోకి వెళ్లినవాళ్లూ వసంతంలో బయటికి వచ్చినవాళ్లూ ఒకే లెక్క కాదు.

ఆ కాగితం ముందు జనం నిలబడి చదివి, ఇళ్లకు పోయారు. మూటలు మాత్రం తియ్యలేదు. ఒకరు తీస్తే ఇంకొకరు తీస్తారు. మొదట ఎవరు తియ్యాలన్నదే చిక్కు. తమ ఇంటి పోయినవాళ్లను ముందుగా బయటపెట్టిన పేరు ఎవరికీ వద్దు.

నాకు ఉపాయం తట్టింది. రేపు అందరి ముందూ మా ఇంటి చూరు తెరుస్తాను. ఈ వరసలో మొదటి ఇల్లు మాది. శుభ్రంగా ఉన్న సందుల్లోంచి గాలి ఎలా ఆడుతుందో, వాసాల కాళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో చూపిస్తాను. చూసి సిగ్గుపడతారు. ముప్పైతొమ్మిదేళ్లుగా నాకు రావలసిన రోజు రేపు వస్తుంది. చాలా హాయిగా ఉంది. చొక్కా ఉతుక్కున్నాను.

మంచుకు పదహారు రోజులు

పదింటికి నిచ్చెన వేయించాను. చాటింపు అక్కర్లేకపోయింది. వరసంతా వచ్చింది. అధ్యక్షులవారు కూడా, చివరి ఇంటి నుంచి చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, మా గోడ పక్క రాయి మీద కూర్చున్నారు.

ఎక్కబోతుంటే హేమలత నా మోచెయ్యి పట్టుకుంది. "బాబాయిగారూ, నేను తీత్తానండి. మీరు ఉండండి" అంది. నిచ్చెన మీద నుంచి పడతానని భయమనుకున్నాను. వదిలించుకుని ఎక్కాను. పైనుంచి చిన్న ఉపన్యాసం కూడా చెప్పాను. ఏమన్నానో రాయను. ఇల్లు కట్టినవాడి ఇంటికీ కట్టించుకున్నవాళ్ల ఇళ్లకూ తేడా చూడండి అన్న మాట మాత్రం అన్నాను.

ప్రతి సందుకూ పురుగు రాకుండా సన్నని జాలీ బిగించి ఉంటుంది. మా ఇంటికి ఆరు సందులు. మొదటి అయిదు జాలీలూ విప్పాను. గాలి ముక్కుకు తగిలింది. ఆరోది వంటింటి మూలన ఉంది. జాలీ విప్పి, చూడకుండానే చెయ్యి లోపలికి పెట్టాను, ఎంత ఖాళీగా ఉందో జనానికి చూపించడానికి.

చేతికి బట్ట తగిలింది.

బయటికి తీశాను. పిడికెడు మూట. మసి పట్టి నల్లబడింది గాని, ముడి కింద దాగిన చోట పసుపు రంగు మిగిలింది. పసుపు మీద ఆకుపచ్చ చిలకలు. మూడు ముళ్లు, ఒకదాని మీద ఒకటి, మూడోది ఎడమచేతి వాటంగా. మాణిక్యాంబది ఎడమచెయ్యి.

ఆ గౌను మా చిట్టిది. నడిచి వస్తుంటే, కొండ తొమ్మిదో మలుపులో జ్వరంతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. రోడ్డు పక్కన పెట్టి, ఎండ నెత్తికెక్కకముందే కదలాల్సి వచ్చింది. మాణిక్యాంబ అక్కడి మన్ను చెంగులో పోసుకుంటుంటే, బరువు, కొండ ఎక్కలేం, పారెయ్ అన్నాను. పారేసింది. పారేసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తర్వాత పిల్ల మాట మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు.

నిచ్చెన మీద ఎంతసేపు ఉన్నానో తెలియదు. కిందికి చూశాను. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. చిన్న నవ్వు కూడా లేదు. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. అప్పుడు తెలిసింది. అందరికీ తెలుసు. ఈ వరసలో మొదటి మూట మాదేనని నాకు తప్ప అందరికీ తెలుసు. ముప్పైతొమ్మిదేళ్లు నేను సభల్లో నిలబడి ఆ మొదటివాళ్లను తిడుతుంటే, ఇంతమందీ విని ఊరుకున్నారు.

దిగాను. మూట చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఏం చెయ్యాలో తెలియక, చేతికి వచ్చిన పని చేశాను: గోడకు, చూరు కింద, సందుకు జానెడు దిగువన ఒక చెక్క మేకు కొట్టాను. మూటను దానికి తగిలించాను. చూరు నీడలోనే ఉంది, గాలికి అడ్డం మాత్రం లేదు.

మంగతాయారు కొంగు దింపి, ఆ మేకును కదిపి చూసింది.

"అలాంటి మేకులు నాకో పన్నెండు కావాలి చారిగారూ. మా ఆయనకి కొంచెం గట్టిది. మనిషి బరువు."

మంచుకు పదిహేను రోజులు

నిన్న సాయంత్రానికే పద్నాలుగు ఇళ్ల మూటలు బయటికి వచ్చాయి. ఇవాళ మిగతావి. మేకులు చెక్కి చెక్కి బొటనవేలు పగిలింది. భోజనం అయ్యాక, చేతులు కడుక్కుని, చివరి ఇంటికి నడిచాను. ఆ గుమ్మం తొక్కడం ముప్పైతొమ్మిదేళ్లలో ఇదే మొదలు.

అధ్యక్షులవారు నిన్ననే వచ్చి వెళ్లిన మనిషిని చూసినట్టు చూశారు. కూచోండి చారిగారూ అన్నారు. కూర్చోలేదు.

"మాట ఇచ్చారు నాకు" అన్నాను.

"ఇచ్చానండి. అప్పటికి ఎనిమిది రోజులైంది. మీరు కర్ర కొయ్యడానికి లోయలోకి ఎల్లారు. మాణిక్యాంబగారు వచ్చి నిచ్చెన పట్టుకోమన్నారు. పట్టుకున్నానండి. అంతే."

"నాకు చెప్పాలి గదా."

"చెప్పొద్దన్నారండి. చెప్తే గాలికి అడ్డమని తీసేత్తారన్నారు." నా ముఖం చూడకుండా అడిగారు. "తీసేవోరు కాదేంటండీ?"

తీసేవాణ్ణి. ఆ రోజే తీసేవాణ్ణి.

మిగతాది ఆయన మెల్లగా, దగ్గు మధ్య చెప్పారు. రెండో ఇంటివాళ్లు ఆమెను చూశారట. ఆవిడకు లేని అడ్డు మాకెందుకన్నారట. వాళ్లను ఆపాలంటే మొదట మా ఇంటిది తీయించాలి. తీయించాలంటే నాకు చెప్పాలి. అందుకని ఎవరినీ ఆపలేదు. సభలో నేను ఆయన్ను మాట తప్పినవాడనీ, పదవి కోసం జనానికి లొంగినవాడనీ అన్న రోజున ఆడవాళ్ల బెంచీ మీద మాణిక్యాంబ ఉందట. ఆమె ముఖం చూసి ఊరుకున్నారట.

"ఆవిడ పోయి ముప్పైరెండేళ్లు" అన్నాను. "తర్వాతైనా చెప్పొచ్చుగా."

"చెబ్దామనే అనుకున్నానండి. అప్పటికి మీకు నన్ను తిట్టుకోడం అలవాటైపోయింది. అదీ లేపోతే మీకింకేం మిగులుద్దని ఊరుకున్నాను."

అప్పుడు కూర్చున్నాను. ఆయన కోడలు కాఫీ తెచ్చింది. నీళ్ల కాఫీ. ఆ మాట ఆయనకు చెప్పాను. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతేనండి అన్నారు.

మంచుకు ఎనిమిది రోజులు

గాలి పొడిగా, విసురుగా ఉంది. నూటతొంభైఎనిమిది సందులూ తెరిచాం. అటకలో కాగితం ముక్క వదిలితే చూరు నుంచి కొప్పు దాకా ఎగురుకుంటూ పోయింది. హేమలత దాన్ని మూడుసార్లు వదిలి చూసింది.

నాచుపరుపును తిరగేస్తున్నాం. మరీ కుళ్లినదాన్ని కిందికి దించి కొత్తది వేశాం. గొట్టాల చుట్టూ ఉన్న తూట్లను సున్నమూ జనపనారా కలిపి మూయిస్తున్నాను. వడియాల బుట్టల తాళ్ల కోసం కప్పుగచ్చుకు చేసిన కంతలు కూడా. మంగతాయారుకు గొట్టం పక్కనే, వంటింట్లో, బుట్టకు కొక్కెం కొట్టి ఇచ్చాను. అటకలో ఆరినంత బాగా ఆరవని గొణిగింది. బూజు గడ్డం మాత్రం రాదన్నాను.

ఏడు వాసాలకూ జోడు వాసాలు కట్టాం. కుళ్లిన కాలు పక్కన కొత్త కర్ర నిలబెట్టి, రెంటినీ కలిపి బోల్టులు బిగించడమే. చేతులు నావి కావు, పదిమందివి. నేను కింద కుర్చీలో కూర్చుని అరిచాను. అరవడానికి ఇంతకంటే మంచి కారణం నాకెప్పుడూ దొరకలేదు.

యంత్రం కన్ను ఒకటి కాక పదకొండు పెట్టించాను, చూరు దగ్గర, నాచు లోపల. సంఘం వాళ్లు ఎదురు చెప్పలేదు. ఒకడు మాత్రం, యంత్రం తప్పు చెప్పలేదు, దానికి తప్పు చోటు చూపించారంతే అన్నాడు. తెలివైనవాడు. అలాంటివాణ్ణి నలభై ఏళ్ల కిందట పంపాల్సింది.

మంచుకు ఒక రోజు

పదకొండు కళ్లూ పొడి అన్నాయి. నేను నమ్మలేదు. మళ్లీ అటకెక్కాను, ఈసారి హేమలత తోసే అవసరం లేకుండా రెండు మెట్లు కొట్టించుకున్నాను. పందొమ్మిదో ఇంటి మీద నాచులో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పెట్టాను. గరగరలాడింది. వేడి అన్నం గిన్నె మీద మూత తీసినప్పుడు వచ్చే వాసన పోయి, ఎండుగడ్డి వాసన వచ్చింది.

అక్కడే కాసేపు వెల్లకిలా పడుకున్నాను. చెక్కల అడుగున మంచు పొడి లేదు. చూరు వైపు తల తిప్పితే వెలుతురు గీతలు, వాసానికీ వాసానికీ మధ్య ఒకటి, వరుసగా చివరిదాకా. నేను గీసిన పటంలో ఇవి ఇలాగే ఉన్నాయి. కళ్లతో చూడటం ఇప్పుడే.

హేమలత కిందనుంచి పిలిచి, బతికున్నారా అంది. ఉన్నానని చెప్పాను.

మంచు పడిన మూడో రోజు

మూడు రోజులుగా పడుతూనే ఉంది. నాలుగడుగులు దాటింది. పొద్దున కాస్త తెరిపి ఇస్తే, మందపాటి కంబళి కప్పుకుని ఎదుటి గట్టు మీదికి వెళ్లి వరస మొత్తం చూశాను. మిగతా వరసల్లో కప్పుల మీద మంచు అక్కడక్కడా కరిగి, నల్లటి మచ్చలు తేలాయి. కింద వేడి ఎక్కడెక్కడ పైకి తప్పించుకుంటోందో ఆ మచ్చలే చెబుతాయి. మూడో వరస మీద ఒక్క మచ్చ లేదు. మొదటి ఇంటి నుంచి ముప్పైమూడో ఇంటి దాకా ఒకే తెలుపు, పరిచిన దుప్పటిలా. ఎక్కడా కుంగలేదు. చూరు కింద, మంచు పడని ఆ జానెడు నీడలో, మూటలు వరసగా వేలాడుతున్నాయి.

నాలుగో వరస బాధ్యుడు వచ్చి, వసంతంలో తమ చూరు కూడా చూడమని అడిగాడు. రాతపూర్వకంగా అడగమన్నాను. నలభై అర్జీలు పెట్టినవాణ్ణి, ఒకటి అందుకునే హక్కు నాకుంది.

మధ్యాహ్నం మంగతాయారు వడియాలు పంపింది. బూజు లేదు. మా ఇంటి మేకుకున్న చిన్న మూటకు తన కొత్త చీర ముక్కతో పైన ఇంకో పొర కట్టింది, నన్ను అడక్కుండానే. ముడి కుడిచేతి వాటంగా ఉంది. ఉండనిచ్చాను.

ఇవాళ నా చిట్టా పుస్తకాలను మొదటినుంచీ చదివాను. మొత్తం పదకొండూ. నేను తిట్టిన ప్రతి చోటా చదివాను. కార్యదర్శినీ సంఘాన్నీ మంగతాయారునూ ఇప్పుడు వదిలేస్తున్నాను. ఆ మొదటి మూట పెట్టినవాళ్ల గురించి రాసిన పేజీల మీద గీత కొట్టేశాను. కలం వెనక్కి తిరగదు గనక గీతే కొట్టగలిగాను.

ఒక్కడిని మాత్రం వదలను. నిచ్చెన పట్టుకుని, నోరు కట్టుకుని, నా తిట్లన్నీ తన తలకు రాసుకుని, ముప్పైతొమ్మిదేళ్లు నా చేత తప్పు మనిషిని తిట్టించినవాడిని. ఒక్క మాట చెబితే, మాణిక్యాంబ ఉండగానే, ఆమెతో కలిసి ఆ పిల్ల పేరు పైకి అనుకునేవాణ్ణి. ఆ తప్పు అతనిదే. రేపు కాఫీకి వస్తానన్నాడు, ముఖం మీదే చెబుతాను. ఒట్టు తీసి గట్టున పెట్టి, ఇక్కడ పేరు రాస్తున్నాను.

పెచ్చెట్టి తాతబ్బాయి.